కింద కూర్చుని చెప్పిన పాఠం

2000వ సంవత్సరం. కంప్యూటర్ ఉద్యోగాల మాట నగరం దాటి మొయినాబాద్ రోడ్డు మీదికి వచ్చిన రోజులు. అక్కడి ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి చేవెళ్ల నుంచి బస్సులో వెళ్లేవాడిని. మాది దొరల ఇల్లు. భూములు నాన్నగారి హయాంలోనే పోయాయి. ఇస్త్రీ చొక్కా, నిటారుగా నిలబడే అలవాటు మిగిలాయి.

ల్యాబ్‌లో నాలుగు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు. చెప్పులు బయటే విడవాలి. ఏడో తరగతికి వర్డ్ ప్రాసెసింగ్ నేర్పేవాడిని. అంటే, టైపు చేసినదాన్ని కాగితం మీదికి పోకముందే తెర మీద దిద్దుకోవడం.

సుగుణ అనే అమ్మాయి మాత్రం నిలబడే టైపు చేసేది. వంగి, ఒక్క వేలితో. మధ్యలో ఒక అక్షరం తప్పితే బ్యాక్‌స్పేస్ మీట నొక్కుతూ చివరి నుంచి అంతా చెరిపేసేది. ఇంతలో తల్లిదండ్రుల ముందు పిల్లలు టైపు చేసి చూపాల్సిన రోజు దగ్గరపడింది. "ఆ పిల్లకు రాకపోతే సీటు ఇంకొకరికిద్దాం" అన్నారు బడి యజమాని. ఆ సీటు పోతే ఆమెకు కీబోర్డు మళ్లీ దొరకదు.

"ఎందుకు కూర్చోవు?" అని అడిగాను.

"మా తాత మీ ఇంట్ల జీతమున్నడు సార్. దొర నిలబడితే నువ్వు కూసోవద్దన్నడు."

"నేను కూర్చుంటే?"

"అప్పుడు కూసుంట."

నాలుగు కుర్చీలూ పిల్లలవే. నేల మీద పరిచిన జంపఖానా మీద కూర్చున్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు.

"అయ్యో, కిందనా సార్?"

"నేను కింద కూర్చుంటే ఏం చేయాలో తాత చెప్పాడా?"

"చెప్పలే."

"అయితే కూర్చో."

కూర్చుంది. అక్కడి నుంచి నాకు తెర కనిపించదు, మౌస్ అందదు. ప్రతిదీ అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

"తప్పు ఎక్కడుంది?"

"నడుమల సార్."

"మిణుకుమనే గీత?" దాన్నే కర్సర్ అంటారు.

"ఆఖర్ల."

"బాణం మీటలతో దాన్ని తప్పు దగ్గరికి నడిపించి, అక్కడే దిద్దు."

కాసేపు మీటల చప్పుడు.

"గింతేనా సార్! ఇన్నొద్దులు అంత తుడిచిన గద!"

తల్లిదండ్రులు వచ్చిన రోజు కూడా కిందే కూర్చున్నాను. యజమాని కుర్చీ తెప్పిస్తానంటే వద్దన్నాను. సుగుణ సగం పేరా కొట్టేసరికి ఆమె తాత గుమ్మంలోకి వచ్చాడు.

"దొరా! కింద కూసున్నరేంది? లెవ్వే పొల్లా, లెవ్వు!"

సుగుణ తల తిప్పలేదు. "జర ఆగు తాతా. సేవ్ చేసి లేస్త."

సేవ్ అంటే రాసినదాన్ని మెషీన్‌లో దాచడం. అది చేయకముందు కరెంటు పోతే రాసిందంతా పోతుంది. ముసలాయన నా వైపు చూశాడు. నేను లేవలేదు. ఆయన గోడకు ఆనుకుని నిలబడి మనవరాలు పూర్తి చేసేదాకా చూశాడు. ఆమె సీటు ఆమెకే ఉంది.

తర్వాత ఎన్ని బడులు మారినా వర్డ్ పాఠం కింద కూర్చునే చెప్పాను. తెర కనిపించనప్పుడు పిల్లల చేతిలోంచి మౌస్ లాక్కోవాలనిపించదు. ఇంటి నుంచి ఒక చాప మాత్రం తీసుకెళ్లేవాడిని. ఇస్త్రీ బట్టలు మాయడం నాకు ఇష్టం ఉండదు.