ఛార్జీ ఎంత?

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో నా పక్కన కూలిపనికి పోయే ఒకామె కూర్చుంది. కండక్టర్ మా ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టాడు. ఆమె ఛార్జీ ఎంతని అడిగింది.

"ఆడోళ్లకు ఫ్రీయే గదమ్మా!" అని నవ్వుతూనే ఛార్జీ ఎంతో చెప్పాడు.

ఆమె కొంగుముడి విప్పి, సరిగ్గా అన్ని రూపాయలే తీసి వేరే గుడ్డసంచిలో వేసుకుంది. ఎందుకని అడిగాను.

"ఏటా ఇత్తనాలకని, కూలోళ్లను తోల్కపోయే మేస్త్రి కాడ అడ్వాన్స్ తీస్కుంటం. గది తీర్చనీకె ఏడాదంత ఊరిడ్సి పనికి పోతం. వచ్చే ఏడు ఇత్తనాలకు గీ పైసలైతయ్. మేస్త్రొస్తే నీ అడ్వాన్స్ వద్దంట."

"సరిపోకపోతే?"

"తక్వ ఇత్తనాలేస్తం. గంతే."

నెలజీతం అందుకునే నేను నా టికెట్‌ను అప్పటికే ఉండచుట్టి పారేశాను. ఇప్పుడు బస్సెక్కినప్పుడల్లా నేనూ ఛార్జీ ఎంతని అడుగుతున్నాను. కండక్టర్లు నవ్వుతారు.