ఆడి తేల్చుకోమన్న మా మేడమ్

పోయిన వారం ఒకరోజు పొద్దున్న డ్యూటీ అప్పగించి వార్డులోంచి బయటికి వస్తుంటే తోంబీ దీదీ ఫోన్ చేసింది. మణిపూర్ అమ్మాయి. నర్సింగ్ కాలేజీలో నాకు రెండేళ్లు సీనియర్, మా ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఇప్పుడు గుర్గావ్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. నేను గోల్‌కీపర్‌ని కాబట్టి ఆమె నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు.

"గోలీ, మేడమ్ నహీ రహీ," అంది. మేడమ్ ఇక లేరని.

మా ట్యూటర్ మేడమ్. కొంతకాలంగా ఆరోగ్యం బాగాలేదని మాకు తెలుసు. తెలిసి ఉండటం వేరు, ఆ మాట చెవిన పడటం వేరు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. అటునుంచి ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. కాసేపటికి, "ఫరీదాబాద్ వాళ్లతో మ్యాచ్ యాద్ హై?" అని అడిగింది.

"ఎలా మరిచిపోతాను దీదీ?"

అంతే. ఇద్దరం ఏడుస్తూనే మాట్లాడటం మొదలుపెట్టాం. బంతి గీత దాటిందా లేదా, ఆ మంచులో రిఫరీకి అసలు కనబడిందా లేదా! డ్యూటీకి వస్తున్న అమ్మాయిలు నావైపు వింతగా చూస్తూ పోయారు. చావు కబురు విన్న మనిషి చేతులు ఊపుతూ, గొంతు పెంచి వాదిస్తుంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. కానీ మా మేడమ్‌ను ఇంకో రకంగా తలుచుకోవడం మాకు చేతకాదు.

ఆవిడది తెనాలి వైపు. భర్తకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం కావడంతో ఢిల్లీ వచ్చి, మా కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ పాఠాలు చెప్పేవారు. వారమంతా నాకు మేడమ్. ఆదివారం తెలుగు ఆరాధనలో మాత్రం ఆంటీ. "ఇక్కడ మేడమ్ అనకే, ప్రభువు ముందు అందరం స్టూడెంట్లమే," అనేవారు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఎండు ఉసిరిముక్కల డబ్బా ఉండేది. పాఠం మధ్యలో ఒకటి బుగ్గన పెట్టుకునేవారు. మ్యాచ్‌కు ముందు మాకూ తలా ఒకటి పంచేవారు. పుల్లగా నోరు ఊరుతుంటే భయం వేయదని ఆవిడ సిద్ధాంతం. మా కమ్యూనిటీ హెల్త్ పుస్తకంలో ఆ సంగతి ఎక్కడా లేదు.

నిజానికి ఆవిడ జీవితంలో బంతిని తన్నినవారు కాదు. స్పోర్ట్స్ ఇన్‌చార్జ్ బాధ్యత ఎవరూ తీసుకోకపోతే ప్రిన్సిపాల్ ఆవిడకు అంటగట్టారు. హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో మణిపూర్, మిజోరం అమ్మాయిలు సాయంత్రాలు ఆడుకుంటుంటే ఒకరోజు ఆగి చూశారు. మర్నాటినుంచి రోజూ ఆగారు. గోల్‌కీపర్ లేదని తెలియగానే నన్ను ముందుకు తోశారు. "పొడుగ్గా ఉన్నావు. స్కూల్లో వాలీబాల్ ఆడానన్నావు. బంతి పట్టుకోవడమేగా, పద!"

మ్యాచ్ రోజున గీత పక్కన నిలబడి అరిచేవారు. ఉద్రేకం వచ్చిందంటే హిందీ, ఇంగ్లీషు రెండూ ఎగిరిపోయేవి. "కుడి పక్క! కుడి పక్క చూడవే!" కొన్నాళ్లకు మిజో అమ్మాయిలకు కూడా కుడి, ఎడమ, ఆగు, తన్ను వచ్చేశాయి. అవతలి జట్టుకు అర్థంకాని రహస్య భాష దొరికిందని తోంబీ దీదీ తెగ సంబరపడింది.

ఢిల్లీ చుట్టుపక్కల నర్సింగ్ కాలేజీల అమ్మాయిలకు ప్రతి చలికాలం ఒక పోటీ జరిగేది. గ్రౌండు దొరికేదే కొన్ని ఆదివారాలు. అందుకని ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఆడటం కుదిరేది కాదు. ఎవరి వంతుకు వచ్చిన జట్లతో వాళ్లు ఆడాక, కాలేజీల ఇన్‌చార్జులు కమిటీగా కూర్చుని ర్యాంకులు ఇచ్చేవారు. మొదటి రెండు ర్యాంకుల జట్లు ఫైనల్ ఆడాలి. నేను చేరిన ఏడాది మేము ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచాం. కమిటీ మాకు మూడో ర్యాంకు ఇచ్చింది. ఒక మ్యాచ్ ఓడిపోయిన పెద్ద కాలేజీకి రెండోది ఇచ్చింది.

సమావేశం నుంచి మేడమ్ నేరుగా హాస్టల్‌కు వచ్చారు. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. "మనం గెలిచింది బలహీనమైన జట్ల మీదట. వాళ్లు ఓడింది గట్టి జట్టు చేతిలోనట. మరి ఆ గట్టి జట్టుతో మా పిల్లల్ని ఆడనిచ్చారా అని అడిగాను. టీ చల్లారిపోతోంది, తాగండి మేడమ్ అన్నారు."

"తాగారా?" అన్నాను.

"తాగకేం చేస్తాను? గొంతు ఎండిపోయింది అరిచి అరిచి."

అందరం నవ్వేశాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ ఎండాకాలమంతా బ్లూలైన్ బస్సులెక్కి ఒక్కో కాలేజీకీ తిరిగారు. ఫైనల్‌కు ముందు నాలుగు జట్లకు సెమీఫైనల్ పెట్టాలని, కప్పు ఎవరిదో గదిలో కూర్చుని కాదు, గ్రౌండులో తేలాలని వాదించారు. ఒకసారి నన్నూ వెంటబెట్టుకెళ్లారు. పెద్ద కాలేజీ ఇన్‌చార్జ్ ఒక పంజాబీ ఆవిడ, చాలా మర్యాదస్తురాలు. మాకు షర్బత్ ఇచ్చి, అంతా విని, నిదానంగా అడిగింది.

"మేడమ్‌జీ, సీజనంతా బాగా ఆడిన జట్టు సెమీఫైనల్ రోజున ఒక్క గంట తడబడిందనుకోండి. ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చిందనుకోండి. అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోయినట్టేనా? అది మాత్రం న్యాయం ఎలా అవుతుంది?"

మేడమ్ షర్బత్ గ్లాసు ఖాళీ చేసి లేచారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఉసిరిముక్క చప్పరించారు. "ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదే," అన్నారు చివరికి. "మ్యాచ్ కూడా అన్యాయం చేస్తుంది. కాకపోతే ఇద్దరి కళ్లముందూ చేస్తుంది. ర్యాంకు అయితే మనం లేనప్పుడు చేస్తుంది. నాకు కావలసింది ఆ కాస్త తేడానే."

తరువాతి చలికాలానికి కమిటీ ఒప్పుకుంది. మొదటి నాలుగు ర్యాంకుల జట్లకు సెమీఫైనల్. కప్పు గెలిచినవాళ్లు వేరే రాష్ట్రాల కాలేజీలతో ఆడటానికి వెళ్తారు. తోంబీ దీదీకి అది కాలేజీలో ఆఖరి సంవత్సరం. ఆ ప్రయాణం గురించి ఆమె అన్నం తింటూ మాట్లాడేది, బట్టలు ఉతుకుతూ మాట్లాడేది. మధ్యలో చీలమండ బెణికి ఒక్క మ్యాచ్‌కు దూరమైంది. అది ఓడిపోయాం. మిగతావన్నీ గెలిచాం.

ఫరీదాబాద్ వైపు నుంచి కొత్తగా చేరిన ఒక చిన్న కాలేజీ కూడా సరిగ్గా మాలాగే ఒకటి ఓడి, మిగతావి గెలిచింది. మా రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడలేదు. మిగిలింది నాలుగో స్థానం ఒక్కటే. కమిటీ కూర్చున్న రోజు మేమంతా హాస్టల్ మెట్ల మీద ఎదురుచూశాం. ఆఫీసు నుంచి ప్యూను భయ్యా వచ్చి, నాలుగో ర్యాంకు మాకే ఇచ్చారట అని చెప్పాడు. హాస్టల్ దద్దరిల్లిపోయింది. దీదీ తన చీలమండ సంగతి మరిచిపోయి నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది.

అప్పుడు మేడమ్ వచ్చారు. అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పారు. "ఆ ర్యాంకు నేను వద్దన్నాను."

గంతులేస్తున్నవాళ్లు ఆగి ఆవిడ చుట్టూ చేరారు. ఆవిడే మళ్లీ అన్నారు. "మనల్ని కిందటేడు చూశారు కాబట్టి మన పేరు తెలుసు. ఆ పిల్లలెవరో వాళ్లకు తెలియదు. అందుకని మనకిచ్చారు. పోయినేడు మనకు ఏం చేశారో, ఈసారి మనకోసం ఇంకొకళ్లకు అదే చేస్తున్నారు. ఆదివారం ప్లేఆఫ్ పెట్టించాను. మీరూ వాళ్లూ ఆడండి. గెలిచినవాళ్లు సెమీఫైనల్‌కు వెళ్తారు."

"మేడమ్, ఆప్ హమారీ హైం యా ఉన్‌కీ?" దీదీ నిలదీసింది. మీరు మా మనిషా, వాళ్ల మనిషా అని.

"మీ మనిషినే. ఆదివారం గొంతు పోయేదాకా మీకోసమే అరుస్తాను."

"మనం గెలుచుకున్నది తీసుకెళ్లి ఇచ్చేశారు!"

"గెలుచుకోలేదమ్మా. వాళ్లు ఇచ్చారు. రెండూ ఒకటి కాదు."

దీదీ తలుపు విసిరికొట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను గేటు దాకా మేడమ్ వెంటపడ్డాను. "ఆంటీ, దీదీకిదే ఆఖరి ఏడాది. ఓడిపోతే?"

"ఓడిపోతే నన్ను తిట్టుకోండి, పడతాను." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు మాత్రం భయం లేదనుకుంటున్నావేంటే?"

ఆదివారం విపరీతమైన పొగమంచు. నా గోల్‌పోస్టు దగ్గర నిలబడితే సగం మైదానం కనిపించడం లేదు. బంతి ఎక్కడుందో చప్పుడును బట్టి ఊహించుకోవాలి. దూరంగా బూట్ల శబ్దం, మా వాళ్ల కేకలు, మేడమ్ గొంతు. ఉన్నట్టుండి మంచులోంచి ఒక ఎర్ర జెర్సీ ఊడిపడింది. బక్కపలచని అమ్మాయి. ఆమె కాలు లేవడం చూశాను, బంతిని చూడలేదు. వెనక వల కదిలిన చప్పుడైంది.

ఆ తరువాత మేము ఆడిన ఆట మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. మంచు పలచబడేకొద్దీ దీదీ అవతలి గోలు మీదికి అలలా వెళ్తూనే ఉంది. ఒకటి పోస్టుకు తగిలింది. ఒకటి వాళ్ల గోలీ కాలికి తగిలింది. ఇక అయిపోయిందనుకుంటున్న సమయంలో దీదీ ముగ్గురి మధ్యలోంచి దూరి కొట్టిన బంతి వలలో పడింది! నేను ఇటు చివర ఒక్కదాన్నే గంతులేశాను. కౌగిలించుకోవడానికి పక్కన ఎవరూ లేక గోల్‌పోస్టును కౌగిలించుకున్నాను.

సమానం. పెనాల్టీలు. వాళ్లది ఒకటి నేను ఆపాను. మాది ఒకటి పైనుంచి పోయింది. మళ్లీ సమానం. చివరిది కొట్టడానికి ఆ బక్క అమ్మాయే వచ్చింది. ఈసారి నేను సరైన పక్కకే దూకాను. బంతి నా వేళ్లకు తగిలి, పోస్టుకు తగిలి, గీత మీద గిర్రున తిరిగింది. దాని మీద పడి పట్టుకున్నాను. రిఫరీ ఒక్క క్షణం ఆగాడు. ఆ తరువాత విజిల్ వేసి, గోలు అని చెయ్యి చూపించాడు.

మా వాళ్లంతా రిఫరీని చుట్టుముట్టారు. మేడమ్ వస్తుంటే ప్రాణం లేచొచ్చింది. "మీరు చెప్పండి మేడమ్, బంతి దాటలేదని చెప్పండి!" అని దీదీ ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపింది.

"నేనున్న చోటు నుంచి కనబడలేదు బేటా," అన్నారు ఆవిడ. "కనబడనిది ఎలా చెప్పను?"

దీదీ ఆ చెయ్యి వదిలేసింది. మేడమ్ తడిగడ్డి మీద, చీర నానిపోతున్నా పట్టించుకోకుండా, నా పక్కన కూలబడ్డారు. నా చేతి తొడుగులు విప్పి, వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశారు. ఏమీ విరగలేదని తేల్చుకున్నాక తల మీద చెయ్యి వేశారు.  మాకోసం అరిచి అరిచి ఆవిడ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

పాయింట్లు సమానంగా ఉంటే ముఖాముఖీ ఆడించకుండా ఒక జట్టును పక్కన పెట్టకూడదనే నియమం ఆ ఏడాదే వచ్చింది. నేను చదువు ముగించేదాకా ఉంది. మాకు దానివల్ల కప్పేమీ రాలేదు. దీదీ వేరే రాష్ట్రం వెళ్లి ఆడనేలేదు.

పోయిన వారం సమాధుల తోటలో మేడమ్‌ను మట్టి చేస్తున్నప్పుడు దీదీ పక్కనే నిలబడ్డాను. ప్రార్థన అయ్యాక పూలు వేసి వస్తూ అంది. "అప్పుడు చాలా కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం ఉంది గోలీ. కానీ వార్డులో ఇద్దరు సిస్టర్లు గొడవపడితే, ఇద్దర్నీ ఎదురుగా పిలవకుండా నేను ఏదీ తేల్చలేను. ఆవిడ అంటించిన జబ్బే అది."

ఆ జబ్బు నాకూ ఉంది. అయితే ఆవిడను తలుచుకోగానే నా కళ్లముందుకు వచ్చేది మేము ఓడిన ఆ ఉదయం కాదు, ఆ తరువాతి ఆదివారం. మమ్మల్నందరినీ సెమీఫైనల్ చూడటానికి తీసుకెళ్లారు. దీదీ రానంది, చివరికి మూతి ముడుచుకుని వచ్చింది. ఫరీదాబాద్ అమ్మాయిలు ఆ పెద్ద కాలేజీ ముందు నిలవలేకపోయారు. వరసగా నాలుగు గోల్స్ పడ్డాయి.

పంజాబీ మేడమ్ మా వైపు నడిచి వచ్చింది. ఆవిడ ఎగతాళి చేయలేదు, నిజంగానే బాధపడింది. "దేఖా మేడమ్‌జీ? మీ పిల్లలు ఉంటే గట్టి పోటీ అయ్యేది. తప్పు జట్టు వచ్చింది."

"కావచ్చు, మావాళ్లు బాగా ఆడేవాళ్లే," అన్నారు మేడమ్. "కానీ వీళ్లు ఇక్కడికి ఆడి వచ్చారు. తప్పు జట్టు ఎలా అవుతారు?"

ఆ మాట ముగిసిందో లేదో, అవతల బక్క అమ్మాయికి బంతి దొరికింది. ఒకరిని తప్పించింది. ఇంకొకరు కింద పడ్డారు. గోల్‌కీపర్ ముందుకు వచ్చింది, ఆమె పక్కనుంచి నెమ్మదిగా, నేల మీద దొర్లిస్తూ... గోలు! నాలుగు, ఒకటి. ఓడిపోతున్న ఆ అమ్మాయిలు కప్పు గెలిచినట్టు ఒకరి మీద ఒకరు పడిపోయారు. నా పక్కన చెవులు చిల్లులు పడేలా ఎవరో కేక పెట్టారు. చూస్తే తోంబీ దీదీ. ముడిచిన మూతి ఎటు పోయిందో, హద్దు తాడు మీదుగా దూకి వాళ్ల కుప్పలో తనూ పడిపోయింది. మేడమ్ అయితే చెప్పులు అక్కడే వదిలేసి, కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి గాలిలో ఊపుతూ, గీత వెంబడి ఉత్త కాళ్లతో పరుగెడుతున్నారు. పంజాబీ మేడమ్ వెనకనుంచి "అరే, రుకియే మేడమ్‌జీ, గిర్ జాయేంగీ!" ఆగండి, పడిపోతారు అని నవ్వుతూ పిలుస్తోంది. ఎండ అప్పుడే గడ్డి మీదికి వస్తోంది. ఆవిడ ఆగడం లేదు.