అమావాస్య పోటుకు ఆగిన ఓడ

అది చైత్రమాసం అమావాస్య, మంగళవారం, పొద్దున తొమ్మిది గంటలు. రేవు ఆఫీసు బంట్రోతు వేలాడేసిన ఇనప పట్టా మీద తొమ్మిది కొడుతూ ఉండగా మా ఆయన ఓడ అడుగుకు దిగాడు. ఏ సంవత్సరమని అడక్కండి. అప్పటికి నాకు అక్షరం రాదు, సంవత్సరాలకు అంకెలుంటాయన్న ఎరుకా లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కొన్నాళ్ళయింది, ఒంగోలు వైపు ఊళ్ళు ఇంకా మా గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. అంతవరకే చెప్పగలను.

ఇన్నేళ్ళ తరవాత ఇది రాయడానికి కూర్చున్నానంటే కారణం ఒక బోర్డు. మొన్న మనవరాలితో గుంటూరు వెళ్ళినప్పుడు, దాని మొగుడు పనిచేసే మిర్చి గోడౌను ముందు కాసేపు నిలబడాల్సి వచ్చింది. తలుపు పక్కన ఎర్ర అక్షరాలతో ఏదో రాసి ఉంది. నేను నలభై దాటాక పలక పట్టినదాన్ని. ఏ అక్షరం కనపడినా వదిలిపెట్టను, కూడబలుక్కుని అయినా చదివి తీరతాను. "తలుపు తీసిన వెంటనే లోపలికి పోరాదు. గాలి ఆడనివ్వవలెను" అని ఉంది. ఒకసారి చదివి, నేను చదివింది నిజమేనా అని మళ్ళీ చదివాను. మనవరాలు "ఎండలో ఏం చూస్తున్నావే అమ్మమ్మా, రా" అని చెయ్యి పట్టుకు లాగుతోంది, నేనేమో మూడోసారి చదువుతున్నాను. ఇంత చిన్న మాట! నాలుగు అక్షరాలు వచ్చినవాడెవడో ఒక రేకు మీద రాసి మేకు కొట్టిపోయాడు. ఆ రోజున ఈ మాట మాలో ఎవరికీ తెలియదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన మెట్ట పొలాల పంట సముద్రం మీద కూడా పోయేది. ప్రత్తిపాడు వైపు కళ్ళాల నుంచి మిరపకాయ బస్తాలు బళ్ళకెక్కి కొమ్మమూరు కాలవ గట్టుకు చేరేవి. అక్కడ పడవల్లోకి ఎక్కించేవారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులే గట్టు వెంబడి తాడు భుజాన వేసుకుని పడవను లాక్కుంటూ రేవుకు తెచ్చేవారు. వాడరేవుకూ నిజాంపట్నానికీ మధ్యలో మాదొక చిన్న రేవు ఉండేది. రేవంటే ఇప్పటి పిల్లలు సినిమాల్లో చూసే పెద్ద పెద్ద ఓడలూ క్రేన్లూ కావు. ఏరు సముద్రంలో కలిసే మొగ, నాలుగు తాటి దుంగలు పాతిన గట్టు, ఆఫీసని పేరున్న ఒక రేకుల షెడ్డు, అంతే. తెరచాప ఓడలు పోటు మీద ఏట్లోకి వచ్చి, మిర్చీ పత్తి బేళ్ళూ పొగాకూ ఎక్కించుకుని చెన్నపట్నానికో కొలంబోకో పోయేవి. వచ్చేటప్పుడు ఇంటి పెంకులు, ఉప్పు, కొబ్బరికాయలు తెచ్చేవి. మా ఇంటి పైకప్పు పెంకులు ఎక్కడో అరవదేశం నుంచి సముద్రం మీద వచ్చినవేనని మా అత్తకు భలే గొప్పగా ఉండేది. కరణం గారి ఇంటికి కూడా అలాంటి పెంకులు లేవని తాటాకు ఇళ్ళవాళ్ళకు వినపడేలా అనేది.

మేం హమాలీలం. మా ఆయన, మా మరిది బస్తాలు మోసేవారు. నేను దబ్బనం, పురికొస పట్టుకుని చిరిగిన బస్తాలు కుట్టేదాన్ని. మా మేస్త్రీ నాకు బాబాయి వరస, నోరు తెరిస్తే వెటకారమే. మా ఆయనకు బస్తా పట్టడంలో జోడీ ఒక సాయెబుల పిల్లాడు. బరువైన బస్తాకు ఇద్దరు ఉండాలి కదా, వాళ్ళిద్దరూ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఒక జతే. పండక్కి వాళ్ళింటి సేమ్యా మా ఇంటికి, మా ఇంటి అరిసెలు వాళ్ళింటికి.

మిరపకాయ సంగతి ఒకటి చెప్పాలి, అసలు చావు దాంట్లోనే ఉంది. ఎండిన కాయను ఉన్నదున్నట్టు బస్తాలో తొక్కితే పొడిపొడి అయిపోతుంది. అందుకని నింపే ముందు మండె మీద, అంటే కాయ కుప్ప మీద, నీళ్ళు చల్లుతారు. కాయ మెత్తబడుతుంది, తొక్కితే విరగదు, రంగు నిలుస్తుంది. కాస్త తూకమూ పెరుగుతుంది, అది షావుకారు పైకి చెప్పని మాట. ఊరూరా అందరూ చేసే పనే, ఇప్పటికీ చేస్తున్నారు. తడి కాయలో ఇంకో సుఖం కూడా ఉంది, ఘాటు లేవదు. పొడి కాయ బస్తాలు మోస్తే ముక్కూ కళ్ళూ మండిపోయి, ఓడ అడుగున ఉన్న మనిషి దగ్గు గట్టు మీదికి వినపడుతుంది. తడి కాయ అయితే దగ్గు ఉండదు. ఇది మాకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ తెలుసు, ఆ తెలివే మా కొంప తీసింది.

ఆ ఏడు ఓడకు సరుకు నిండాక అకాల వాన పట్టుకుంది. తడి కాయ మీద వాన కూడా పడితే నల్లబడి కుళ్ళిపోతుందని, అడుగు గది నోటికి చెక్కపలకలన్నీ బిగించి, పైన టార్పాలిన్ కప్పి, సందుల్లో పాత గోనెలు కుక్కి ఊపిరాడకుండా మూసేశారు. వాన వెలిసింది గానీ ఓడ కదల్లేదు. ఏటి మొగ దగ్గర ఇసక మేట వేసింది, మామూలు పోటుకు ఓడ దాన్ని దాటలేదు. అమావాస్య పోటు పెద్దది గనక అప్పటిదాకా ఆగుదామన్నాడు ఓడ నడిపే తండేలు, తూత్తుకుడి వైపు మనిషి. ఆగాం. వాన తరవాత కాసిన ఎండలకు మూతేసిన ఓడ పొయ్యి మీది కుండలా కాగింది.

అమావాస్య నాడు కొత్త పని పెట్టుకోకూడదని మా అత్త పొద్దున్నే మొదలుపెట్టింది. మా ఆయన అన్నం తింటూ, "సముద్రానికి ఆ మాట నువ్వే చెప్పిరా. రేపు పొంగమను, రేపే పోతాం" అన్నాడు. అత్త ఆయన నెత్తిన ఒక్కటి మొట్టింది. అయినా చద్దిమూట కట్టుకుని మాతోపాటే రేవుకు వచ్చింది.

ఓడ వెనక వైపు బరువెక్కి కిందికి దిగి ఉంది. మొగ దాటాలంటే వెనక బస్తాలు కొన్ని ముందుకు జరపాలి. టార్పాలిన్ తీయబోతుంటే షావుకారు గుమాస్తా గట్టు మీద నుంచి కేకేశాడు. "ఒక్క పలకే తియ్యండయ్యా! మబ్బు చూశారా? చినుకు పడిందంటే షావుకారు నన్ను ఉప్పుపాతర వేస్తాడు." గుమాస్తా భారీ మనిషి. మేస్త్రీ అతన్ని కిందా మీదా చూసి, "మిమ్మల్ని పాతరెయ్యాలంటే ఈ రేవులో ఉప్పు చాలదులెండి" అన్నాడు. అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వుతూనే దిగాడు. నవ్వుతున్న ఆ తల వెనక భాగమే నాకు కనిపించింది.

కాసేపు ఏ చప్పుడూ లేదు. మేస్త్రీ వంగి, "ఏరా, అత్తారింటికొచ్చిన అల్లుడిలా పడుకున్నావా?" అని అరిచాడు. జవాబు లేదు. జోడీ పిల్లాడు తలగుడ్డ బిగించుకుంటూ, "తడి కాయ కదా బాబాయ్, ఘాటు చచ్చింది. దగ్గు కూడా రావట్లేదు చూడు. ఇవాళ మనది పెళ్ళివారి పని" అని తనూ నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఒక్క దగ్గు వినపడి ఉంటే మాలో ఎవరో ఒకరు ఆలోచించేవాళ్ళేమో. దగ్గు లేదు కాబట్టే అందరం నిశ్చింతగా ఉన్నాం.

నేను ఓడ మీదే, ఆ పలక సందుకు దగ్గర్లో కూర్చుని బస్తా కుడుతున్నాను. కాబట్టి చూసింది నేనొక్కదాన్నే. ఆ పిల్లాడు నిచ్చెన సగం దిగాడు. అక్కడ ఆగి, నిద్ర ముంచుకొచ్చినవాడిలా తల నిచ్చెనకు ఆనించాడు. చేతులు మెల్లగా వదిలేశాయి. కేక లేదు, పెనుగులాట లేదు. బస్తాల మీద పడిన చప్పుడు కూడా మెత్తగానే వచ్చింది.

"అన్నా!" అంటూ మా మరిది చొక్కా విప్పి పారేసి ఉరికాడు. ఒక కాలు అప్పుడే సందులో పెట్టేశాడు. లోపల ఏముందో నాకు తెలియదు. దిగినవాడు దిగినట్టే పడిపోతున్నాడన్న ఒక్కటే తెలుసు. వెనక నుంచి నడుం పట్టుకుని తెరచాప కొయ్యకు కాళ్ళు అడ్డం పెట్టాను. వాడు ఇరవై ఏళ్ళ హమాలీ, నన్ను గోనెపట్టాలా విదిలించేశాడు.

"వదులు వదినా! అన్నయ్య లోపలున్నాడు!"

"ఉన్నాడ్రా! నువ్వు దిగితే నువ్వూ ఉంటావు!"

చేతిలో దబ్బనం ఉంది. వాడి తొడలో దించాను. వాడు కూలబడ్డాడు, నేను వాడి మీద కూర్చున్నాను. నన్ను కొట్టాడు, తిట్టాడు, జుట్టు పట్టి లాగాడు. కదల్లేదు. గట్టు మీద నుంచి మా అత్త "ఒసేయ్, నా కొడుకును పోనియ్యవే, వాడి అన్నను తెచ్చుకోనియ్యవే" అని గుండెలు బాదుకుంటోంది. అదంతా వింటూనే ఉన్నాను. లోపలున్నవాడు నా మొగుడు. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పటికి తండేలుకు ఏదో తోచి, అరవంలో అరుస్తూ గొడ్డలి తీసుకుని పలకలన్నీ ఊడబెరికించాడు. విప్పిన తెరచాప గుడ్డతో లోపలికి గాలి విసిరించాడు. తరవాత తాళ్ళకు కొక్కేలు కట్టి, బస్తాలు లాగే పద్ధతిలోనే ఇద్దర్నీ పైకి లాగారు. ముందు జోడీ పిల్లాడు వచ్చాడు, తరవాత మా ఆయన. మొహాల మీద బాధ అన్నది లేదు. మేస్త్రీ ఇద్దరి రొమ్ముల మీదా చెవి పెట్టి విని, లేచి ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మనిషి వెటకారం ఆ రోజుతో సరి.

బాపట్ల నుంచి వచ్చిన డాక్టరు చెప్పాకే మాకు తెలిసింది. మూతేసిన చోట తడి మిరపకాయ కాగి కాగి, లోపలున్న మంచి గాలినంతా తినేస్తుందట. మనిషికి ఒక్క బుక్కెడు కూడా మిగల్చదట. పండించిందీ, నీళ్ళు చల్లిందీ, మూతేసిందీ మనమే. కాయకేం తెలుసు!

ఓడ ఆ పోటుకు పోలేదు. తరవాతి పౌర్ణమికి వెళ్ళింది, అదే సరుకుతో.

మా మరిది బతికాడు, పెళ్ళయింది, ముగ్గురు పిల్లల్ని కన్నాడు. కానీ ఏటేటా ఆ అమావాస్యకు నా గుమ్మం ముందుకు వచ్చి నిలబడి, "నువ్వు పట్టుకోకపోతే తెచ్చేవాణ్ణి వదినా" అనేవాడు. నేను "కూర్చో, అన్నం తిను" అనేదాన్ని. తినకుండానే వెళ్ళేవాడు. మా అత్త ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కాకపోతే వాడు ఏ పనికి బయల్దేరినా, "నువ్వూ పోవే వాడితో" అని నన్ను వెంట తోలేది. నాకు అది చాలు. నేను చేసింది తప్పని నాకు ఏనాడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. అయినా లోపలున్నవాణ్ణి వదిలేసి పైనున్నవాణ్ణి పట్టుకున్న చేతులు ఇవేనని అన్నం కలుపుకుంటుంటే ఒక్కోసారి గుర్తొస్తుంది.

కొన్నేళ్ళకు లారీలొచ్చాయి, ఓడలు మానేశాయి. మొగ పూడిపోయింది. తాడు లాగిన కాలవ గట్టు మీద ఇప్పుడు తారు రోడ్డు. ఏరున్నచోట రొయ్యల చెరువులు. మళ్ళీ రేవులు కడతారట, సరుకు సముద్రం మీద పోతే చవకట అని టీవీలో చెబుతుంటే పిల్లలు వింతగా వింటారు. కట్టనివ్వండి. కొత్త రేవుకు పెద్ద పేరే పెడతారు. ఆ పాత గట్టు మీద బస్తాలు మోసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు, ఏ కాగితం మీదా లేవు. నేను అక్షరాలు నేర్చుకున్నది ఇందుకేనని చెప్పను, బస్సు బోర్డులు చదువుకుందామని నేర్చుకున్నాను. కానీ వచ్చాయి కదా, రాస్తాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: మా మేస్త్రీ పిచ్చయ్య బాబాయి. తండేలు అంతోణి, అతని కింద ముగ్గురు కళాసీలు, వాళ్ళ పేర్లు అడిగే తెరిపి ఆ రోజు ఎవరికీ లేదు. గుమాస్తా శేషయ్య గారు. పట్టా కొట్టిన బంట్రోతు యేసుదాసు. మా అత్త ఆదెమ్మ. మా మరిది అంకయ్య. నేను, నాగరత్నమ్మను. తిరిగిరానివాళ్ళలో ఒకడు కరీంబీ కొడుకు మస్తాను. రెండో మనిషి మా ఆయన. ఆయన పేరు నా నోటితో నేను ఎన్నడూ పలకలేదు, మా కాలపు ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి అడిగినా మా అత్త చేతో మరిది చేతో చెప్పించాను. ఇప్పుడు చెప్పిపెట్టడానికి వాళ్ళిద్దరూ లేరు. రాస్తే పలికినట్టు కాదనుకుని రాస్తున్నాను.

కోటయ్య.