గుడ్డుకు చదివిన కథలు

గ్రంథాలయంలో కింది అంతస్తు పిల్లలది. అక్కడ అరలేవీ పెద్దవాళ్ళ నడుముకు మించి ఎత్తు ఉండవు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, పుస్తకాలను అట్టలు కనబడేలా నిలబెట్టే పొట్టి బల్ల ఒకటుంది. కొత్తగా వచ్చిన పుస్తకాల్లో ఏవి ఆ బల్ల ఎక్కాలో, ఏవి మామూలు అరల్లోకి పోవాలో నిర్ణయించే ఆమెను పిల్లలు పుస్తకాలత్త అంటారు. ఆమె చదివింది జీవశాస్త్రం. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళ నుంచీ ఆమెకు ఒకటే పట్టుదల: తాను పరీక్షించని పుస్తకాన్ని 'బాగుంటుంది, తీసుకో' అని ఏ పిల్ల చేతిలోనూ పెట్టకూడదు.

ఆ పరీక్షకు ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. బొమ్మల పుస్తకమైతే అక్షరాలున్న భాగాన్ని తెల్లకాగితంతో మూసి, బొమ్మలు మాత్రమే పిల్లలకు చూపుతుంది. కథ ఎటు పోతోందో బొమ్మలే చెప్పగలిగితే ఆ పుస్తకం గట్టెక్కినట్టు. విషయం చెప్పే పుస్తకమైతే ఆ విషయం ఇంట్లో రోజూ చూసే పిల్లను వెతికి, పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తుంది. తేనెటీగల పుస్తకాన్ని తేనె పట్టేవాళ్ళ అమ్మాయి విని ఒప్పుకోవాలి. రొట్టెల తయారీ పుస్తకాన్ని బేకరీవాళ్ళ పిల్లవాడు రెండో పేజీలోనే పక్కకు నెట్టేశాడు.

"పిండి పొంగకుండానే పొయ్యిలో పెట్టేశాడేంటత్తా వీడు! రాయి తింటాడా?"

ఆ పుస్తకం బల్ల ఎక్కలేదు.

గుడ్డు పిల్లగా మారే వైనం చెప్పే పుస్తకం మాత్రం సులువుగా నెగ్గింది. పెరట్లో కోళ్ళు పెంచే ఇంటి పిల్ల దాన్ని మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా విన్నది. తల్లికోడి గుడ్లను ముక్కుతో తిప్పుకోవడం, మొద్దు కొన వైపు గాలి గది ఉండడం, దీపం ముందు పెడితే ఎర్రటి నరాలు కనిపించడం, పిల్ల పెంకును లోపలి నుంచి పొడుచుకుని బయటపడడం, అన్నీ సరిగ్గా ఉన్నాయంది.

"మా పెట్ట కూడా అచ్చం ఇంతే అత్తా. ముట్టుకుంటే మాత్రం పొడుస్తుంది. అదొక్కటి రాయలేదు."

పుస్తకాన్ని బల్ల మీద పెట్టగానే తీసుకుపోయింది ఎందుకమ్మ. వెనక వీధిలోని ఫ్లాట్లలో మూడో అంతస్తు పిల్ల, రెండో తరగతి. గ్రంథాలయంలో అందరూ ఆమెను ఆ పేరుతోనే పిలుస్తారు, ఎందుకని అడగాల్సిన పని లేదు. తల్లిదండ్రులిద్దరూ పని నుంచి చీకటి పడ్డాకే వస్తారు కాబట్టి, బడి వదిలాక అమ్మమ్మ ఆమెను ఇక్కడికి తెచ్చి, తాను గుమ్మం దగ్గరి బెంచీ మీద కునుకు తీస్తుంది.

ఆ తరువాత ఎందుకమ్మ అడిగే పుస్తకాల తీరు మారింది.

"అత్తా, ఇంకా కళ్ళు తెరవనివాళ్ళకి బాగుండే పుస్తకం ఉందా?"

పుస్తకాలత్త కాసేపు ఆలోచించి, మాటలు లయగా తిరిగి తిరిగి వచ్చే ఒక వాన పుస్తకం ఇచ్చింది. మర్నాడు, చీకట్లో ఉండేవాళ్ళు భయపడకుండా ఉండేది కావాలంది. మరోసారి, ఇరుకు చోటు నుంచి బయటికి వచ్చే ధైర్యం చెప్పేది కావాలంది. ఇరుకు గోతిలో పడ్డ గుర్రప్పిల్ల పుస్తకం ఇస్తూ పుస్తకాలత్త ఒక నిర్ధారణకు వచ్చింది. ఆధారాలన్నీ ఒకే వైపు చూపుతున్నాయి. ఆ సాయంత్రం బెంచీ దగ్గరికి వెళ్ళి, అలవాటు లేని చనువుతో అమ్మమ్మను పలకరించింది.

"మీ ఇంట్లోకి పసిబిడ్డ రాబోతోందన్నమాట. సంతోషమండీ."

అమ్మమ్మ కునుకు ఎగిరిపోయింది. "ఎవరికమ్మా? మా అమ్మాయికా? నాకు తెలియకుండానా?"

"పాప పుస్తకాలన్నీ ఆ బిడ్డ కోసమే తీసుకుంటోంది కదా అని..."

అమ్మమ్మ ఒక్క క్షణం తేరిపార చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ కదిలేలా నవ్వింది. "బిడ్డ కాదు తల్లీ, గుడ్డు! కిరాణా కొట్టు నుంచి తెచ్చిన గుడ్డు. నా ఉన్ని టోపీలో పెట్టి ఫ్రిజ్ వెనక వెచ్చగా దాచింది. రోజూ తిప్పుతుంది. పడుకునే ముందు పక్కన పెట్టుకుని కథలు చదువుతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరు కూడా పెట్టేసింది."

"మీరు చెప్పలేదా?"

"చెప్పకపోవడమేంటి! మా అల్లుడు చెప్పాడు, నేనూ చెప్పాను. పుస్తకంలో ఉంది, పుస్తకాలత్త ఇచ్చింది అంటుంది. మీ మాట ముందు మా మాటలు గాలికి పోయాయి." నవ్వు సర్దుకుని, ఆవిడ గొంతు తగ్గించింది. "రేపటికి మూడు వారాలు. రేపు పిల్ల వస్తుందని ఎదురుచూస్తోంది. అందుకే ఒకటి అనుకున్నాను. సంతలో ఒక కోడిపిల్లను కొని టోపీలో పెట్టేస్తాను, గుడ్డు తీసి పారేస్తాను. పిల్ల సంతోషిస్తుంది, మన సొమ్మేం పోయింది? మీరు ఔనంటే చాలు."

పుస్తకాలత్త రేపు చెబుతానని లోపలికి వెళ్ళి, ఆ పుస్తకం రెండో ప్రతిని తీసి మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివింది. చెప్పిన ప్రతి వాక్యమూ నిజమే. కానీ ఏ గుడ్డు పిల్లవుతుందో, ఏది కాదో ఎక్కడా లేదు. పుంజు మాట ఒక్కసారైనా రాలేదు. కోళ్ళ ఇంటి పిల్లకు ఆ లోటు కనబడకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది: పెరట్లో పుంజు పొద్దున్నే కూసే ఇంట్లో, పుంజు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నే పుట్టదు. తెలిసినవాళ్ళకే చదివి వినిపించడం తన పద్ధతి. ఏమీ తెలియనివాళ్ళకు ఏం తక్కువవుతుందో తాను చూసుకోలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

టోపీలో కోడిపిల్ల ఉంటే ఎందుకమ్మ కళ్ళు ఎలా మెరుస్తాయో ఆమె ఊహించుకోగలదు. ఊహించుకుంది కూడా, కాస్త ఎక్కువసేపే. కానీ ఆ మెరుపు అబద్ధం మీద నిలవాలి. ఎందుకమ్మ అంతటితో ఊరుకునే పిల్ల కాదు. మరునాడే ఇంకో గుడ్డు టోపీలో పెడుతుంది. దానికి ఏం చెబుతారు? నిజం చెబితే ఏమవుతుందన్నది మాత్రం ఆమె ఊహకు అందలేదు. ఈ పిల్ల మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతుందో లేదో.

మర్నాడు ఎందుకమ్మ గుడ్డును తనతోనే తెచ్చింది. టిఫిన్ డబ్బాలో ఉన్ని టోపీ, టోపీలో గుడ్డు. పుస్తకాలత్త నేల మీదే కూర్చుంది. అమ్మమ్మ పక్కన కుర్చీలో ఒదిగింది.

"ఇందులో నుంచి పిల్ల రాదమ్మా," అంది పుస్తకాలత్త. "నువ్వు చేసిందంతా సరిగ్గానే చేశావు. పెట్ట దగ్గర పుంజు ఉంటేనే గుడ్డులో పిల్ల మొదలవుతుంది. కొట్టుకు వచ్చే గుడ్లు పెట్టే కోళ్ళ దగ్గర పుంజులుండవు. ఆ మాట పుస్తకంలో లేదు. లేదన్న సంగతి నేనూ గమనించలేదు. అది నా పొరపాటు."

ఎందుకమ్మ ముఖం ఎర్రబడింది. "చూపించండి."

పుస్తకాలు భద్రపరిచే చీకటి గదిలోకి ముగ్గురూ వెళ్ళారు. పుస్తకాలత్త టార్చి వెలిగించి, గుడ్డు మొద్దు కొనను దానికి ఆనించింది. గుడ్డు లేత నారింజ రంగులో వెలిగింది. పైన గాలి గది, లోపల పచ్చసొన మసక నీడ. పుస్తకంలో గీసిన నరాలు లేవు. ఎందుకమ్మ దాన్ని నెమ్మదిగా తిప్పి, అన్ని వైపుల నుంచీ చూసింది.

"చచ్చిపోయిందా?"

"లేదమ్మా. లోపల ఎప్పుడూ ఎవరూ లేరు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"మరి కథలన్నీ ఎవరికి చదివాను?"

పుస్తకాలత్త గుడ్డును అందుకుని తిరిగి టోపీలో పెట్టింది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమెకు చేతకాదు.

"ఎవరికేంటే, నాకు కాదూ?" అంది అమ్మమ్మ. "నీ పక్కమంచం మీద పడుకునేది ఎవరు? వాన పుస్తకం నాకిప్పుడు కంఠతా వచ్చు. ఆ గుర్రప్పిల్ల కథ మాత్రం సగంలో నిద్రపోయావు. అది గోతిలోంచి బయటికి వచ్చిందో లేదో తెలియక నాకు తెల్లార్లూ నిద్ర లేదు."

"నువ్వు గురక పెట్టావు కదా!"

"గురక వేరు, వినడం వేరు. ముసలివాళ్ళకి రెండూ ఒకేసారి వస్తాయి."

ఎందుకమ్మ ఏడ్చింది. అమ్మమ్మ నడుము చుట్టూ చేతులు వేసి, ముఖం దాచుకుని, ఎక్కువసేపే ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. చివరికి ముక్కు తుడుచుకుని తల ఎత్తి, అమ్మమ్మనే అడిగింది.

"అమ్మమ్మా, పుంజు ఏం చేస్తుంది?"

అమ్మమ్మ గోడవైపు చూసింది. "ఏం చేస్తుంది... కూస్తుంది."

"కూస్తే పిల్ల వస్తుందా?"

"నన్నడుగుతావేంటే, పుస్తకాలత్త ఉంది కదా ఎదురుగా!"

పుస్తకాలత్త మూతి బిగించి నవ్వు ఆపుకుంది. ఇక ఈ పిల్ల రాదేమోనన్న బెంగ ఎటో పోయింది. ముగ్గురూ వెలుతురులోకి వచ్చారు. ఆమె అరల దగ్గర వంగి ఒక పుస్తకం తీసి, పేజీలు తిప్పి, అదీ గుడ్డుతోనే మొదలవుతోందని మళ్ళీ పెట్టేసింది. రెండోదాన్ని ఇంకా నిదానంగా చూసి ఎందుకమ్మ చేతికిచ్చింది.

"పుంజు సంగతి ఇందులో ఉంది. అర్థం కానిచోట ఆగి నన్నడుగు. సిగ్గుపడకు."

"సిగ్గెందుకు?" అంది ఎందుకమ్మ.

అమ్మమ్మ అప్పటికే బెంచీ మీద చోటు సర్దుతోంది. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. నువ్వే చదువు. కాస్త మెల్లిగా, ఊరంతా వినక్కర్లేదు."