దక్షిణానికి తల పెట్టిన వ్యాను

స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియని నేను, బడిపిల్లల్ని తిప్పే పాత వ్యాను కొని అందులో మంచం, పొయ్యి పెడతానని బయల్దేరాను. నా మొహం, నాకెందుకు చెప్పండి ఈ పనులు! కానీ నడుము ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ పది నిమిషాలు కూడా కూర్చోలేదు. ఆవిడ పుట్టిల్లు చింతపల్లి. ఘాట్ రోడ్డెక్కి అక్కడికి వెళ్లి రెండేళ్లయింది. పడుకోబెట్టి తీసుకెళ్తే చాలనుకున్నాను.

ఆరు నెలలు నర్సీపట్నంలో మా ఇంటి సందులో ఆ వ్యానుతోనే కాపురం చేశాను. సీట్లు పీకడానికే నెల పట్టింది. ఫోన్లో వీడియో చూసి పైన రేకుకి బెజ్జం వేస్తే వాన లోపలికొచ్చింది. ఫ్యాను స్విచ్ వేస్తే హారన్ మోగింది. మంచం ఒక్కటే గట్టిగా కుదిరింది.

తల ఎటు పెట్టాలని వెల్డింగ్ చేసే ఆయన అడిగాడు. ఉత్తరానికి తల పెట్టకూడదు కదా, దక్షిణానికే పెట్టమన్నాను. సందులో వ్యాను ముక్కు ఉత్తరానికి ఉంది. అంచేత తలాపు వెనక తలుపు వైపుకొచ్చింది. అక్కడ ఇనుప పలక అతికించి, కాళ్ల వైపు మంచం మీదుగా పొయ్యి బల్ల బిగించేశాం. కొబ్బరికాయ కూడా కొట్టాను. కదిలే బండికి దక్షిణమేమిటని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున్న ఆవిణ్ణి ఎక్కించాను. చదును రోడ్డు మీద బాగానే ఉంది. మా అన్నయ్య నన్ను గుర్తుపడతాడో లేదో అని నవ్వింది కూడా. లంబసింగి ఘాట్ మొదలయ్యేసరికి వ్యాను ముక్కు పైకి లేచింది, ఆవిడ తల కిందికి పోయింది. ఒళ్లంతా వెనక్కి జారి బరువు మెడ మీద పడింది. రెండో మలుపు దగ్గర ఆపమంది. అటు తిప్పి పడుకోబెడదామంటే బల్ల కింద కాళ్లకే తప్ప తలకి చోటు లేదు.

మంచం విప్పించి తిప్పి పెట్టిస్తాను, ఒక్క నెల ఓపిక పట్టమన్నాను.

“ఒద్దండి” అంది. “ఆర్నెల్లు బండికాడే ఉన్నారు. ఆ డ్రిల్లు సప్పుడింటూ గదిలో నేనొక్కదాన్నే తొంగున్నాను. ఒక్క పూటైనా నా కాడ కూకున్నారేటి?”

కూర్చోలేదు. ఒక్క పూట కూడా కూర్చోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వ్యాను వెనక్కి తిప్పాను. ఆ సాయంత్రం గదిలోకి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.