చింతపండుతో తోమిన బకిల్

మా పక్కింటి అంకుల్ మంగళవారం పోయారు. ఆంటీ ఫోన్ చేసి, "కాఫీ కలిపి తెచ్చేలోపే అయిపోయిందమ్మా" అన్నారు.

అమెరికాలో మేముండే షాంటిలీలో, మట్టిలో పూడిన పాత లోహపు వస్తువుల కోసం మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఎండలో తిరిగే ఆ రిటైర్డ్ ఇంజనీరును చూసి నవ్వుకోని తెలుగువాళ్లు తక్కువ. నేనూ నవ్వాను, ఒకసారి ఆయన వెంట వెళ్లేదాకా.

వెళ్లేది ఒక అమెరికన్ పెద్దావిడ పొలానికి; ఒకప్పుడు అక్కడ యుద్ధం జరిగిందట. ఆవిడ షరతు ఒక్కటే: దొరికింది దొరికినట్టే చూపించాలి. తప్పితే మళ్లీ గేటు తీయదు. అంకుల్ వారమంతా శనివారం కోసమే బతికేవారు.

ఈ వసంతంలో నాకొక పాత ఇత్తడి బకిల్ దొరికింది. ఆ రోజు ఆవిడ ఊళ్లో లేదు. "ఇంట్లో ఆరబెట్టు. ఇంకేం చెయ్యకు" అన్నారు అంకుల్. చిలుం పట్టిన ఇత్తడిని చూసి ఊరుకోవడం మా వంశంలోనే లేదు. దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండు, ఉప్పు వేసి తోమేశాను. తళతళలాడింది.

మరుసటి శనివారం కారులో దాన్ని చూసి అంకుల్ మొహం పాలిపోయింది.

"ఎంత పని చేశావమ్మా! వందేళ్ల చిలుం, టెన్ మినిట్స్‌లో క్లీన్ చేసేశావ్."

వరండాలో ఆవిడ బకిల్‌ని అటూ ఇటూ తిప్పింది. ఎవరు కడిగారని అడిగింది. అంకుల్ ఈమధ్య వదులై జారుతున్న ప్యాంటు పైకి లాక్కుని, "నేనే" అన్నారు. నేను నోరు విప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మరి ఇది సైనికుడిదో గుర్రానిదో ఇప్పుడెలా తెలుస్తుందని ఆవిడ నిలదీసింది. అంకుల్ కళ్లజోడు పెట్టుకుని, బకిల్ అంచు మీద గోరు నిలిపారు. ఒక్క పక్కే లోతుగా అరిగింది, మనిషి నడుముకు ఇంత అరగదు, ఇది బండి లాగిన గుర్రం పట్టీది అని చెప్పారు. ఆవిడ కూడా ఆ అంచును వేలితో తడిమి చూసింది. చివరికి, వచ్చే శనివారం గేటు తీసే ఉంచుతానంది.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, "మీ మీద ఎందుకేసుకున్నారు అంకుల్?"

"నన్ను ఆపితే ఎన్ని శనివారాలు ఆపుతుందిలే! నిన్ను ఆపితే బోలెడు. మెరుపుని నమ్మకు తల్లీ. అరిగిన చోటు చూడు, అదే చెప్తుంది."

వేళాకోళమనుకున్నాను.

ఆవిడకు నిజం ఇంకా చెప్పలేదు. ఈ శనివారం వెళ్లి చెబుతాను.

నిన్న ఆంటీకి అన్నం తీసుకెళ్లాను. గది తలుపు వెనక అంకుల్ బెల్టు వేలాడుతోంది. అలవాటుగా అరిగిన చోటు చూశాను. పాత రంధ్రం సాగిపోయి ఉంది. అక్కడి నుంచి బకిల్ వైపుగా మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు, ఒకదాని తర్వాత ఒకటి, మూడు. చివరిది ఇంకా అరగనే లేదు.