పదో సంతకం

మొన్న పొద్దున పప్పుకు తాలింపు పెడుతుంటే మా వీధిలోంచి ప్రచారం ఆటో వెళ్లింది. పాట మొదలయ్యే ముందు మైకు కీచుమని ఒక కూత పెడుతుంది కదా, ఆ కూతకే నా చేతిలోని గరిటె జారి పొయ్యి మీద పడింది. ఆవాలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. మా అమ్మాయి పరుగున వచ్చి పొయ్యి కట్టేసి, "వార్డు ఎలక్షన్లకు గూడ గింత భయమైతె ఎట్లనే అమ్మా?" అని నవ్వింది. దానికి నవ్వులాటగానే ఉంటుంది. ఎన్నికలంటే ఊరందరికీ జెండాలూ డప్పులూ బిర్యానీ పొట్లాలూ గుర్తొస్తే, నాకు మాత్రం అరికాళ్లు చల్లబడతాయి. ఆ వెనకే మేజర్ సులోచన మేడం గుర్తొస్తారు.

ఆమెను మీరెవరూ కలిసి ఉండరు. టీవీలో ఎప్పుడైనా కనిపించినా, మైకు ముందు మాట్లాడే ఆ మనిషిలో నేనెరిగిన మనిషి సగం కూడా ఉండదు. తొర్రూరు దగ్గరి పల్లెలో, పత్తి చేలల్లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టారు. నర్సింగు చదివి సైన్యంలో చేరి, కొండల మీది ఆసుపత్రుల్లో ఏళ్లకేళ్లు గడిపి, మేజరు హోదాలో రిటైరయ్యారు. ఆ తర్వాత హనుమకొండలో నేను పనిచేసే నర్సింగ్ హోంకు వచ్చి నర్సులందరికీ పెద్దగా చేరారు. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేతచీర కట్టి, దాని కింద నల్ల బూట్లు వేసుకునేవారు. చీర మీద బూట్లేమిటని మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం. కారిడార్ చివర ఆ బూట్ల చప్పుడు వినబడితే నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. డ్యూటీలు మారేటప్పుడు ఎవరికి జ్వరముంది, ఎవరికి సెలైన్ అయిపోవచ్చింది అని మేం అప్పగింతలు చెబుతుంటే ఆమె అన్నీ విని, చివరికి ఒక్కటే అడిగేవారు. "ఎవరు సప్పుడు చేస్తలేరు?"

నాకు మొదటినుంచీ నెత్తురంటే భయం లేదు, మనుషులంటే భయం. పేషెంటు తాలూకు వాళ్లు గొంతు పెంచితే చాలు, దుప్పట్ల గదిలోకి దూరి తలుపేసుకునేదాన్ని. అత్తగారింట్లోనూ నన్ను పిరికిదాని కింద ఎప్పుడో జమకట్టేశారు. అలాంటి నన్ను మేడం ఏం చూసి తన వెంట తిప్పుకున్నారో అప్పట్లో అర్థమయ్యేది కాదు.

పత్తికి పురుగుల మందు కొట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరిని ఒకే ఆటోలో తీసుకొచ్చారు. ఒకాయన బండి మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కప్పు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు, ఆయన మనుషులు నలుగురు నన్ను చుట్టుముట్టారు. నేను బెదిరిపోయి ఆయన చుట్టూనే తిరుగుతున్నాను. రెండో మనిషి గుమ్మం దగ్గరి బెంచీ మీద భుజాన తువ్వాలతో తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగడం లేదు. బూట్ల చప్పుడు వచ్చింది. మేడం నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి గడ్డం పట్టి మొహం పైకెత్తారు. ఒళ్లంతా చెమట, పెదవి చివర నురగ, కంటిపాపలు సూదిమొనంతయ్యాయి. చేనంతా మందు కొట్టి, ఆ గాలే పీల్చి వచ్చాడు. "స్వరూపా, ఆ అరిచేటాయనకు అరిచేంత బలమున్నది. జరసేపు ఆగుతడు. ఈయన ఆగడు. డాక్టర్‌ను పిలువు, ఉరుకు!" అన్నారు. మోచెయ్యి తాలూకు వాళ్లు "ముందు మావోన్ని సూడున్రి!" అని నా మీదికి వచ్చారు. నేను సిగ్గు లేకుండా ఆమె వెనక నక్కాను. బెంచీ మీది మనిషి బతికాడు.

సాయంత్రం నిలబడే టీ తాగుతూ చెప్పారు. "మా దగ్గర ట్రక్కుల నిండ దెబ్బలు తగిలినోళ్లను దించుతుండె. పిలిచినోని కాడికే ముందుగాల పోతె, పిలవలేనోడు పోతడు బిడ్డా. నువ్వు గాయం సూడకు, ఎవలు పిలుస్తలేరో గది సూడు." నేను నర్సుగా నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక ఆ మాటే.

ఆ సీజనంతా అలాంటి వాళ్లు వస్తూనే ఉన్నారు. కొందరు నడిచి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. ఆ మందును ఆపించమని మేడం కనబడిన నాయకుడినల్లా అడిగి వచ్చేవారు. అందరూ కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, "అది మా చేతుల లేదమ్మా, ఢిల్లీల తేలాలె" అని పంపేవారట. ఒక రోజు బూట్ల లేసులు విప్పుకుంటూ, "ఢిల్లీలనే తేలాలె అంటాన్రు గద, ఢిల్లీకే పోత" అన్నారు. మేం వేళాకోళమనుకున్నాం. వారం తిరిగేసరికి పార్లమెంటు ఎన్నికకు నామినేషన్ కాగితాలు పట్టుకొచ్చారు.

పార్టీ ఏదీ లేకుండా నిలబడేవాళ్లను పదిమంది ఓటర్లు సంతకాలు పెట్టి ప్రతిపాదించాలి. తొమ్మిది దొరికాయి. టీ గదిలో పదో సంతకం నేను పెట్టాను, మేడం ఆ రోజే కాగితాలు దాఖలు చేశారు. ధైర్యమొచ్చి పెట్టలేదు, మేడం అడిగితే కాదనడం ఎవరికీ అలవాటు లేక పెట్టాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "సంతకమే గదనే, దుకాణం రాసిచ్చినవా ఏంది?" అని నవ్వాడు. ఆయనకు స్టేషన్ రోడ్డులో చిన్న బట్టల దుకాణం.

మర్నాడు మధ్యాహ్నం తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన బత్తాయిల సంచీతో మా ఇంటికి వచ్చాడు. ఎవరో తెలియదు. ఎవరి తరఫునో చెప్పలేదు. చెల్లె అని పిలిచి కూర్చున్నాక మంచినీళ్లు ఇవ్వకుండా ఎలా ఉంటాం? టీ కూడా పెట్టాను. "చాయ్ మంచిగ పెట్టినవ్ చెల్లె" అని మెచ్చుకుని, నింపాదిగా తాగి, విషయానికి వచ్చాడు. "మేజరమ్మ మంచి మనిషే, మాకేం పగ లేదు. ఆ సంతకం నీది కాదని ఆఫీసర్ ముందట ఒక్క ముక్క చెప్పు. తొమ్మిదే ఉంటె నామినేషన్ చెల్లదు. గంతే, అందరు నిమ్మళంగ ఉంటరు." నేను తలూపానో లేదో కూడా నాకు గుర్తులేదు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు ఆగాడు. "పాప స్కూల్ వ్యాన్ ఆ మూల మీద ఎక్కుతది గద? ఆడ లారీలు మస్తు తిరుగుతయి. జర పైలం చెల్లె."

పైలం అంటే జాగ్రత్త అని. మా దగ్గర ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టే ప్రతి మనిషికీ ప్రేమగా చెప్పే మాట. ఆయన కూడా అంత ప్రేమగానే చెప్పాడు. ఆయన వెళ్లాక తలుపు గడియ కూడా పెట్టలేదు. స్కూలు వదలడానికి ఇంకా టైముందని తెలిసినా చెప్పులు కూడా లేకుండా మూల దాకా ఉరికి, ఆ ఎండలో వ్యాన్ వచ్చేదాకా నిలబడ్డాను.

మా ఆయన ఆ రోజు దుకాణం పొద్దుండగానే కట్టేసి వచ్చాడు. అక్కడికీ ఎవరో వెళ్లారు. "రేపు పోయి నీది కాదని చెప్పి రా. మనకెందుకే ఈ లొల్లి? పాప మొఖం సూడు" అన్నాడు. సంతకం నాది కాదంటూ ఎవరో ఫిర్యాదు పెట్టారనీ, వచ్చి చెప్పాలనీ కలెక్టరాఫీసు నుంచి అప్పటికే కబురొచ్చింది. ఫోను ఆపేసి పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

చీకటి పడక ముందే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. మేడం వాటిని విప్పి పక్కన పెట్టి, లోపలికి వచ్చి నా ఎదురుగా కిందనే కూర్చున్నారు. "మిగిలిన తొమ్మిదిమంది ఇండ్లకు గూడ పోయిన్రట, ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఇద్దరు తిట్టిన్రు గూడ. నువ్వొక్కదానివే చెయ్యలే. అందుకే నీ కాడికే ముందు అచ్చిన" అన్నారు. అంతవరకూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కట్ట తెగింది. వ్యాను, మూల, లారీలు, బత్తాయిలు, అన్నీ ఏడుస్తూ చెప్పాను. ఆమె విన్నారు. మా ఆయన ఇచ్చిన మంచినీళ్లు తాగారు. "రేపు నీది కాదనే చెప్పు బిడ్డా. నేనేమనుకోను. పాప కంటె ఎక్కువనా?" అన్నారు. దొంగ సంతకం పెట్టించారని మీ మీద కేసు పెడతారేమోనని మా ఆయన గొణిగాడు. "పెట్టనీ, నేను సూస్కుంట" అని లేచారు. ఇంత పెద్ద మనసు ఉంటుందా మనుషులకు అని నేనూ మా ఆయనా చాలాసేపు అనుకున్నాం. కాదని చెప్పడానికే నిశ్చయించుకుని పడుకున్నాను.

కలెక్టరాఫీసు గది నిండా మనుషులు. అభ్యర్థులు, వకీళ్లు, వాళ్ల వెనక వాళ్ల మనుషులు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. తలుపు దగ్గర తెల్లబట్టల పెద్దమనిషి నన్ను చూసి దండం పెట్టాడు. ఆఫీసరు కాగితం నా ముందుకు జరిపి, "అమ్మా, ఈ సంతకం మీరు పెట్టిందేనా?" అని అడిగాడు. కాదు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అనేముందు మేడం ఎక్కడున్నారా అని వెతికాను. గోడ పక్కన నిలబడి నేల చూస్తున్నారు. అంత గోలలో ఆ గదిలో సప్పుడు చెయ్యని మనిషి ఆమె ఒక్కతే. ఏళ్ల తరబడి నాకు పట్టిన అలవాటు నన్ను ఆ వైపు తోసింది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. "నాదే సార్. నేనే పెట్టిన" అన్నాను. మేడం తలెత్తి నన్ను చూశారు. ఆ చూపును కృతజ్ఞత అనుకున్నాను.

పాపకు ఏమీ కాలేదు. ఎన్నికలయ్యేదాకా మా ఆయనే స్కూటర్ మీద దింపి తీసుకొచ్చాడు, నాతో సరిగా మాట్లాడకుండా. నేను సెలవు పెట్టి మేడం వెంట జీపులో తిరిగాను. రఘునాథపల్లి దాటాక హైవే పక్కన ఎవరో విసిరిన రాయి ముందరి అద్దాన్ని పగలగొట్టింది. నా జుట్టులోంచి గాజు పెంకులు ఏరుతుంటే ఆమె వేళ్లు నా నుదుటికి తగిలాయి, మండే ఎండలో మంచులా ఉన్నాయి. ఆ ఎన్నికలో ఓడిపోయారు. కానీ చేలల్లో జనం ఆమె మాట విన్నారు. మరుసటి ఎన్నికకు ఒక పార్టీ తనంత తానే పిలిచి టికెట్ ఇచ్చింది. గెలిచారు.

ఢిల్లీకి బయల్దేరే ముందు ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. సర్వపిండి చేశాను. ఒక ముక్క తుంచుకుని చేతిలోనే పెట్టుకుని, "స్వరూపా, ఎవ్వరికి చెప్పని మాట ఒకటున్నది" అన్నారు. "ఆ రోజు కలెక్టరాఫీసుల నువ్వు కాదనాలె అని లోపట లోపట మొక్కుకున్న."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"కొండల మీద గుండ్లు ఎటు దిక్కునుంచి వస్తయో ఎరుకుండె. ఈడ దండం పెట్టేటోడెవడో, దెబ్బ కొట్టేటోడెవడో ఎరుకలేకపాయె. నా ఇంటికి గూడ అచ్చిన్రు, అప్పటికే మూడుసార్లు. నాకు నిద్ర లేదు. నాయంత నేను తప్పుకుంటె మేజరమ్మ పిరికిదంటరు. నువ్వు కాదంటె, పాపం మోసపోయింది అంటరు, నేను ఇంట్ల కూసుంటుంటి. అందరిల నీకే భయమెక్కువ, నువ్వైతె తప్పక కాదంటవనుకున్న. మీ ఇంటికి గందుకే అచ్చిన."

"మరి కేసు?" అన్నాను.

"కేసుకు భయపడలే. ఊళ్ల తిరుగుడుకు భయపడ్డ."

"నేను అవునన్నాక అయినా తప్పుకోవచ్చు గద మేడం?"

"ఎట్ల తప్పుకుంట? ఇంట్ల పసిపిల్లను పెట్టుకొని, గజగజ వణుక్కుంట నువ్వు అవునంటివి. నీ ముందటికెల్లి ఎనకకు ఎట్ల పోత?" అని సర్వపిండి నోట్లో పెట్టుకున్నారు.

నాకు మొదట కోపం వచ్చింది. నా బిడ్డను పణం పెట్టి నేనన్న మాట ఆమెకు అక్కర్లేని మాటా అని ఒళ్లు మండింది. ఆ తర్వాత జాలేసింది. అది దాటాక పట్టుకున్న భయం మాత్రం ఇప్పటికీ వదల్లేదు. ఆ పురుగుల మందును ఆపించే పని మీద ఆమె ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఆమె కారు మీద రాళ్లు పడ్డాయని వార్త వస్తే మా ఆయన గబుక్కున చానల్ మారుస్తాడు. నన్ను ధైర్యవంతురాలని బంధువుల్లో చెప్పుకుంటాడు కూడా, నేను కాదనను. ఆమె ఏ ఊరికి పోయినా, తిరిగి క్షేమంగా ఇల్లు చేరారని తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. ఇంట్లో కూర్చుంటానన్న మనిషిని బయటికి పంపింది నేనే.